మస్కట్ నుంచి మా గేటు దాకా

"సారూ, జర మీ ఫోన్ల చూడుండ్రి. మస్కట్ నుంచి మన శంషాబాద్‌కు ఎంత దూరముంటది?"

వాన వెలిసిన మధ్యాహ్నం అది. నేను మేడ మెట్ల మీద కూర్చుని బురదైన చెప్పులు తుడుచుకుంటున్నాను. కింద వెనక వాటాలో ఉండే ఆమె తలుపు దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

వెతికి చెప్పాను. రెండు వేల రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. దారంతా దాదాపు అరేబియా సముద్రమే. ఎక్కడా దిగకుండా వస్తే మూడుంబావు గంటలు, గాలిని బట్టి కాస్త అటూ ఇటూ.

ఆమె చేతులు ఆగాయి. "గంతేనా? మా అవ్వగారింటికి పోయినంత సుత లేదా?"

ఆమె పుట్టిల్లు జైనూర్. కరీంనగర్‌లో బస్సెక్కి మంచిర్యాలలో దిగాలి. అక్కడ ఇంకో బస్సు పట్టుకుని ఆసిఫాబాద్, ఆపైన ఘాటు దారిలో అడవి మధ్య నుంచి జైనూర్. పొద్దున తిని బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు చేరతారు, అదీ బస్సులు సమయానికి దొరికితే.

"అయితే సముద్రం దాటుడే అల్కటి పని. గోదారి దాటుడే కష్టమన్నట్టు," అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి ఆమె భర్త మస్కట్‌లో ఆసుపత్రి మంచం మీద మాట పడిపోయి ఉన్నాడు. ఆయన్ని తెచ్చుకోవాలని ఆమె అప్పుడప్పుడే అనుకుంటోంది.

కరీంనగర్‌లో మేం ఉండే ఇల్లు పాతది. ముందు వాటాలో ఇంటి యజమాని, ఆయన భార్య. వెనక రెండు గదుల్లో ఈమె. పైన భార్య లేని నేనూ, నన్ను కన్న ఎనభై దాటిన మా అవ్వా. మూడు కుటుంబాలకూ గేటు ఒక్కటే.

ఆమె భర్త మగ్గాల ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. మా వైపు మరమగ్గాలను సాంచాలంటారు. చిన్నప్పటి నుంచీ వాటి మధ్య నిలబడి పనిచేయడంతో చెవులు సగం పోయాయి. ఎదుటివాళ్లకూ వినపడదన్నట్టు అరిచి మాట్లాడేవాడు. సెలవు మీద వస్తే ఆయన పొద్దున్నే అడిగే చాయ్ గల్లీ చివరి దాకా వినిపించేది. "నా చెవులు సాంచాలు తిన్నయి సారూ," అనేవాడు. కూలీ గిట్టుబాటు కాక, పని సరిగా దొరకక, పెళ్లాన్ని కరీంనగర్‌లో ఉంచి మస్కట్ పోయి ఇళ్లు కట్టేచోట హెల్పర్‌గా చేరాడు. మొదటిసారి తిరిగొచ్చినప్పుడు ఆయన చేసిన ఫిర్యాదు ఒక్కటే. "ఆడ చప్పుడే లేదు సారూ. నిద్ర పడుతలే."

అలాంటి మనిషి ఒక ఎండపూట మెట్లెక్కుతూ కూలిపోయాడు. తలలో రక్తనాళం చిట్లిందన్నారు. ముందు ఒక పక్క పడిపోయింది, తర్వాత మాట, ఆ తర్వాత మూత్రపిండాలు. నెలలు గడిచాక అక్కడి డాక్టర్లు ఇంక చేయగలిగింది లేదని చెప్పారు. పరిస్థితి ఇంకా దిగజారకముందే, స్ట్రెచర్ మీద, వెంట ఒక నర్సుతో పంపితే ప్రయాణం తట్టుకోవచ్చన్నారు. ఆ కాగితాలు తెలిసిన డాక్టరుకు చూపించాను. ఆయన చాలాసేపు చదివి, "ఇక్కడ చేర్చుకున్నా నేను చేసేదేం లేదు. ఇంట్లో మనుషుల మధ్య ఉంచుకోమనండి. ఎక్కువ రోజులుండడు," అన్నాడు.

ఆ మాట ఆమెకు దాచకుండానే చెప్పాను. ఏడవలేదు. "ఇంట్ల చాప మీద పోవాలె సారూ. ఆయనకు అదొక్కటన్న చెయ్యాలె," అంది.

ఆ ఇల్లు కిరాయిది. మా జిల్లాల్లో కిరాయికి ఉండేవాళ్లందరికీ ఒక షరతు తెలుసు. అది ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు, ఇల్లు చూడటానికి పోయినప్పుడు ఎవరూ ఎత్తరు. కిరాయి ఇంట్లో చావు జరగకూడదు. బయట పోయిన శవాన్ని గేటు లోపలికి తేకూడదు. మనిషి చివరి దశకు వస్తే సొంతూరికో సొంతింటికో చేర్చాలి. అవేవీ లేనివాళ్లు శ్మశానం పక్కన టెంటు వేసుకుంటారు. ఇలాంటి వార్తలు పత్రికలో నేనే ఎన్నో రాశాను. మంటగలిసిన మానవత్వం అని డెస్కులో శీర్షిక పెట్టేవాళ్లు. పెట్టినవాళ్లలో సగంమంది కిరాయి ఇళ్లలోనే ఉండేవాళ్లు. మర్నాటికి దాన్ని అందరం మరిచిపోయేవాళ్లం.

మా యజమాని చెడ్డవాడు కాదు. వ్యవసాయం వదిలి గ్రానైటు వ్యాపారంలోకి వచ్చిన కుటుంబం. పండగకు పిండివంటలు పైకి పంపిస్తారు. మేం రాకముందు వెనక వాటాలో ఒక ముసలమ్మ పోయిందట. నక్షత్రం మంచిది కాదు, ఇల్లు పాడుపెట్టాలని పురోహితుడు చెప్పాడట. తాళాలు వేసుకుని నెలల తరబడి తమ్ముడింట్లో ఒక గదిలో సర్దుకున్నారు. తిరిగొచ్చాక కూడా, ఈమె వచ్చేదాకా ఆ గదుల్లోకి ఎవరూ కిరాయికి దిగలేదు. ఆయన భార్య ఇప్పటికీ పొద్దుగూకితే ఇంటి వెనక్కి పోదు.

అందుకే ఆమె చెప్పడానికి వెళ్లినప్పుడు నన్ను వెంట రమ్మంది. ఆయన అరుగు మీద కూర్చుని విన్నాడు. గేటు వైపు చూస్తూ అన్నాడు.

"బతికుంటే తే చెల్లె. వద్దనను. ఎన్ని రోజులుంటే గన్ని రోజులుండనియ్యి. తర్వాత సంగతి తర్వాత చూస్త. గని ఏమన్న అయినంక మాత్రం..." పూర్తి చెయ్యలేదు.

"బతికే తెస్త పటేలా," అంది ఆమె.

ఒప్పందం అంతే. ఊపిరితో ఆ గేటు దాటితే ఆయన రోగి. దాటకముందే పోతే శవం. ఆ రోజు నుంచి ఆమె నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఆ గేటు గురించే. విమానం ఆలస్యమవుతుందా, దిగాక ఎంతసేపు బయటికి రానివ్వరు, శంషాబాద్ నుంచి కరీంనగర్‌కు అంబులెన్సు ఎంత వేగంగా పోతుంది. అక్కడ గడియారం మన కంటే గంటన్నర వెనక ఉంటుందని చెబితే కాసేపు ఆలోచించింది. "అంటే ఆయన పానానికి గంటన్నర ఎక్కువ దొరికినట్టా, తక్కువైనట్టా?" అని అడిగింది.

తెచ్చే రోజు వచ్చింది. ముందురోజే ఆమె రెండు గదులూ కడిగింది. కిటికీ కింద చాప, దాని మీద బొంత పరిచింది. పొగాకు వాసనకు ఆయన ఊపిరి ఆడదని చాట, తునికాకు కట్టలు, పొగాకు సంచి పైకి మోసుకొచ్చి మా అవ్వకు అప్పగించింది. "మీరు చుట్టద్దు పెద్దవ్వా," అంటే, "నాకు చుట్టుడు రాదు, తాగుడే వస్తది," అంది మా అవ్వ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇంకా తెల్లవారకముందే ఆమె అంబులెన్సులో శంషాబాద్‌కు బయలుదేరింది. తోడుగా ఆయనతో పాటు సాంచాల మీద పనిచేసిన పాత దోస్తు పోయాడు. మస్కట్‌లో ఆయన్ని విమానం ఎక్కించినవాళ్లు అక్కడి నుంచి ఆమెకు ఫోను చేశారు. వెంటనే ఆమె నాకు చేసింది.

"ఎక్కిచ్చిండ్రట సారూ. కండ్లు తెరిచి చూసిండట."

ఆ తర్వాత విమానంలో ఫోన్లు ఆపేస్తారు. మూడుంబావు గంటలు ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ వ్యవధిలోనే జరగకూడనిది జరిగింది. అది ఎవరూ చెడు తలచి చేసింది కాదు. అంబులెన్సులో కూర్చున్న దోస్తు, స్ట్రెచర్ దింపడానికి నలుగురు మనోళ్లు సాయం వస్తారని, నేత కులపోళ్ల వాట్సాప్ గ్రూపులో విమానం నంబరు, దిగే వేళ, ఆయన ఫొటో పెట్టాడు. ఇంకేమీ రాయలేదు. మా వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు బతికి వస్తే వాళ్ల విమానం నంబరు ఎవరికీ అక్కర్లేదు. పెట్టెలో వస్తేనే గ్రూపులో నంబరు పెడతారు, ఊరు కదలాలని. చూసినవాళ్లకు అదే తోచింది. క్షణాల్లో ఎవరో ఆయన ఫొటోకు దండ వేశారు. ఇంకొకరు పక్కన దీపం పెట్టారు. కన్నీటి నివాళి అని రాసి పంపారు. అది గ్రూపులు దాటి స్టేటస్‌లలోకి ఎక్కింది.

మా యజమాని చొక్కా గుండీలు పెట్టుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"ఇదేంది సారూ? పోయిండట గదా."

"పోలేదన్నా. ఇమానం ఎక్కేటప్పుడు మంచిగనే ఉన్నడు. ఇప్పుడే ఫోనొచ్చింది."

"ఎక్కేటప్పుడు ఉన్నడు. మరి ఇప్పుడో?"

నేను బతుకంతా పత్రికలో పనిచేశాను. కళ్లతో చూసిందో, చూసినవాడు చెప్పిందో, రెండు చోట్ల సరిచూసుకున్నదో తప్ప రాయకూడదని నేర్చుకున్నాను, పనిలో కొత్తగా చేరిన పిల్లలకు నేర్పాను. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు. ఆకాశంలో విమానాల్ని చూపించే పేజీ ఒకటుంటే తెరిచాను. నీలం మీద పసుపు రంగు విమానం, చీమంత. ఆయన నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"గిదేనా?"

"గిదే."

"నడుస్తలేదు గదా."

"నడుస్తుందన్నా. సముద్రం పెద్దది."

కాసేపు ఇద్దరం చూశాం. కదిలినట్టు లేదు, కానీ చూపు మరల్చి మళ్లీ చూస్తే ఇంకో చోట ఉండేది. ఆయన కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇందుల లోపట మనిషికి ఊపిరున్నది లేనిది కనబడదా?"

ఎగతాళికి అడగలేదు. "కనబడదన్నా," అన్నాను.

ఈలోగా మా పత్రికలో నా దగ్గర పని నేర్చుకున్న కుర్ర విలేకరి ఫోను చేశాడు. "సార్, గల్ఫ్ మృతుడు మీ ఇంట్లనే ఉంటడట గదా? వివరాలు చెప్తరా?" మృతుడని ఎవరన్నారురా అని కసిరాను. స్టేటస్‌లో చూశానన్నాడు. ఆగమని పెట్టేశాను. గల్లీలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని గేటు దగ్గర చేరుతున్నారు. అంతలో ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. షామియానా అతను. ఎవరూ పిలవలేదు, అతనూ స్టేటస్ చూసే వచ్చాడు. ఇనప గుంజలు గేటు ముందు ధనధనమని పడేశాడు.

"టెంటు గేటుకు ఇవతల్నా అవతల్నా పటేలా?"

లోపల గిన్నె ఏదో చేతిలోంచి జారిపడ్డ చప్పుడైంది. యజమాని భార్య తలుపు మూసుకుంది. ఆయన మెట్లు దిగిపోయాడు. గేటు గొలుసు తెచ్చి చుట్టి తాళం వేశాడు. పట్టపగలు ఆ గేటుకు తాళం పడటం నేను చూడలేదు.

మెట్ల మీద నుంచి మా అవ్వ అదంతా చూస్తోంది. తునికాకు కట్ట పక్కన కూర్చునే పిలిచింది.

"పటేలా, నాకు సుత గిట్లనే తాళమేస్తవా?"

ఆయన తల ఎత్తలేదు. "నీకేమైతది అవ్వా. నూరేండ్లు బతుకుతవ్."

"నూరేండ్లంటే ఇంకెన్నో లేవు బిడ్డా. ముందుగల్ల చెప్పు, ఏడికి పోవాలెనో చూసుకుంట."

ఆయన తాళంచెవి జేబులో వేసుకుని లోపలికి పోయాడు. మా అవ్వ నా వైపు చూసింది. ఊళ్లో మా ఇల్లు అమ్మి చాలా కాలమైంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, అయినా చూసింది.

పసుపు విమానం బొంబాయికి దిగువన సముద్రం దాటి నేల మీదికి వచ్చింది. ఇంకాస్త సేపటికి శంషాబాద్‌లో ఆగింది. చాలాసేపు ఫోను మోగలేదు. మోగినప్పుడు అటు నుంచి ఆమె అరుపు.

"ఉన్నడు సారూ! ఉన్నడు! నా ఏలు పట్టుకుండు!"

కిందికి పరుగెత్తి యజమాని కిటికీ దగ్గర ఫోను స్పీకర్లో పెట్టాను. ఆమె మాట ఆయన విన్నాడు. "మంచిదే," అన్నాడు. కిటికీ ఊచ పట్టుకుని, "మంచిదే గని సారూ, పానమున్న మనిషి మీద దండ పడ్డది. ఇంక ఎంతసేపుంటడు?" అన్నాడు.

మధ్యాహ్నానికి అంబులెన్సు గల్లీలోకి వచ్చింది. విమానంలో వెంట వచ్చిన నర్సు శంషాబాద్‌లోనే ఆగిపోయింది. వెనక ఆమె, దోస్తు, స్ట్రెచర్ మీద ఆయన. మనిషిలో చెవులు మాత్రమే పెద్దవిగా మిగిలినట్టున్నాయి. ముక్కు మీద ప్లాస్టిక్ మాస్కు. ఊపిరి వదిలినప్పుడల్లా అది లోపలి వైపు ఆవిరి పట్టి తెల్లబడుతోంది, పీల్చినప్పుడు తేటపడుతోంది.

గేటుకు తాళం చూసి ఆమెకు మొదట అర్థం కాలేదు. గుంజల్ని చూశాక అర్థమైంది. దోస్తు కూడా చూశాడు. నెత్తి మీద కొట్టుకుని ఫోను తీసి గ్రూపులో ఎవరినో తిట్టడం మొదలుపెట్టాడు. ఆయనదీ సాంచాల గొంతే, గల్లీ అంతా వినిపించింది. "బతికున్నోన్ని సంపినరు గదరా! ఎవడురా దీపం పెట్టింది, నీ ఇంట్ల పెట్టుకోరాదురా!"

యజమాని గేటుకున్న, ఒక మనిషి పట్టేంత చిన్న తలుపు నుంచి బయటికి వచ్చాడు. అంబులెన్సు మెట్టెక్కి లోపలికి చూశాడు. "తమ్మీ," అని ఆయన పాదం ముట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లు. దిగి ఆమె ముందు నిలబడ్డాడు.

"దవాఖానకు తీస్కపో చెల్లె. నేను మాట్లాడుత, మంచి రూం ఇప్పిస్త."

"దవాఖానకెల్లే తెచ్చిన పటేలా. మల్ల దవాఖాననా?"

"నా మాట ఇను. పొద్దటి సంది మా ఆమె అన్నం ముడుతలేదు, వణుకుతుంది. మల్ల ఇల్లిడిచి పోవుడు మాతోని కాదు."

"బతికుంటే తెమ్మన్నవ్ గదా," అంది ఆమె. గొంతు పెంచలేదు. "తెచ్చిన గదా."

ఆయన పెదవులు కదిలాయి. "తెచ్చినవ్ చెల్లె," అన్నాడు. చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి పట్టుకున్నట్టు జేబు మీది నుంచే తెలుస్తోంది. చెయ్యి బయటికి రాలేదు.

నేనూ మాట్లాడాను. పైన నా గదిలో పడుకోబెడతామన్నాను. "మీ గది సుత ఇదే ఇల్లు గదా సారూ," అన్నాడాయన. నిజమే. మెట్లు గేటు లోపలే ఉన్నాయి.

ఆమె అందరి మొహాలూ చూసింది. చివరికి నా వైపు తిరిగింది.

"సారూ, జర మీ ఫోన్ల చూడుండ్రి. జైనూర్ ఎంత దూరముంటది?"

దోస్తు దిగి నాకు చోటిచ్చాడు. "నేను ఏ మొఖం పెట్టుకొని వస్త సారూ, మీరు పోండ్రి," అన్నాడు. మా అవ్వ మెట్లు దిగొచ్చి నీళ్ల సీసా అందించి, "నా ఫికర్ చెయ్యకు. నేను ఏడికి పోతలేను," అంది.

డ్రైవరు సైరన్ వేశాడు. పెద్దపల్లి దాటాక బొగ్గు లారీల వెనక చిక్కుకున్నాం. ఆమె వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తోంది. మెల్లగా చెబితే వినపడదు కదా. "గోదారిఖని వచ్చింది! ఇంక మంచిర్యాలనే!" ఆ ఇరుకు బండిలో ఆ అరుపు మొదట భరించలేకపోయాను, తర్వాత అలవాటైంది. గోదావరి వంతెన ఎక్కగానే కొంగు ముడి నుంచి రూపాయి తీసింది. తన పక్క అద్దం తెరుచుకోలేదు. నాకిస్తే నేను విసిరాను. నీళ్లలో పడిందో ఇసుకలో పడిందో చూడలేదు. "గోదారి దాటినం!" అని చెవిలో అరిచింది. ఆయన కళ్లు తెరిచాడు. మాస్కు తెల్లబడి తేటపడింది.

మంచిర్యాలలో ఆమె అన్నకు ఫోను చేసింది. అతను అడిగిన మొదటి మాట నాకూ వినపడింది. "ఎట్లున్నడు?" ఆమె ఉన్నాడని చెప్పింది. అతను నసిగాడు. "అవ్వ తెమ్మంటుంది చెల్లె. పానంతోని వస్తే ఇంట్లకే తీస్కపోదం. గట్ల కాకుంటే మాత్రం ఊరోళ్లు ఊకోరు, రోడ్డు మీదనే టెంటు వెయ్యాలె." అక్కడా అదే నియమం. ఇల్లు సొంతదే, అయినా బయట పోయినవాడు గడప దాటకూడదు.

"వస్తుండు. నడిచొస్తుండు అనుకో," అని పెట్టేసింది.

ఆసిఫాబాద్ దాటాక ఎండ పసుపుబారింది. కెరమెరి ఘాటు మొదలైంది. వానకు కొట్టుకుపోయిన రోడ్డు. బండి మలుపు తిరిగినప్పుడల్లా ఆక్సిజన్ సిలిండరు స్టాండుకు కొట్టుకుని మోగుతోంది. సముద్రం మీద ఉన్నట్టే ఇక్కడా ఫోనుకు సిగ్నల్ లేదు. ఆమె ఆయన అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని అరుస్తూనే ఉంది. "ఇగో, మనం పెండ్లైనంక బస్సు ఆగిపోయిన జాగ! యాదికున్నదా? నువ్వు దిగి బస్సును నూకినవ్!"

నా కళ్లు మాస్కు మీదే ఉన్నాయి. ఘాటు పైకి ఎక్కేలోగా ఎక్కడో అది తేటపడింది, మళ్లీ తెల్లబడలేదు. తర్వాతి మలుపు దాకా చూశాను. ఆ తర్వాతి మలుపు దాకా కూడా చూశాను. డ్రైవరు అద్దంలో నా మొహం చూశాడు. నేనూ అతని కళ్లు చూశాను. అతను సైరన్ ఆపకుండా పోనిచ్చాడు.

ఆమెకు తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెయ్యి పట్టుకునే ఉంది కదా, తెలిసే ఉంటుంది. అయినా అరుపు ఆపలేదు. "అగో, జోడేఘాట్ దిక్కు పోయే తొవ్వ! అయిపాయె, ఇంక దగ్గరికొచ్చినం!"

జైనూర్ చేరేసరికి ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి. రేకుల ఇంటి ముందు జనం. అందరూ రోడ్డు మీదే ఉన్నారు, కాస్త పక్కన మడిచిన టార్పాలిన్ కనబడింది. ఆమె అన్న వెనక తలుపు తీశాడు. లోపల చెల్లెలు వంగి ఉంది, భర్త చెవిలో ఇల్లొచ్చిందని చెబుతోంది. అతను చెల్లెల్ని అడగలేదు. నన్ను అడిగాడు. పేపరు సారు వెంట వస్తున్నాడని ఆమె ముందే చెప్పి ఉంటుంది.

"సారూ, ఉన్నడా?"

అతని వెనక నలుగురైదుగురు పెద్దమనుషులు జవాబు కోసం మెడలు చాచారు.

"ఉన్నడు," అన్నాను.

జనంలో కదలిక. ఆమె తల్లి వాళ్లను తోసుకుని వచ్చింది. బక్క మనిషి, నుదుటిన పెద్ద పచ్చబొట్టు. బండిలోకి ఎక్కి అల్లుడి అరికాలు మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత మాస్కు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు, అడగడం కూడా లేదు. కూతురి వైపు తిరిగి, అల్లుణ్ని బయట ఉంచొద్దని జనానికి వినబడేలా చెప్పింది.

"ఉన్నడు, ఉన్నడు. బయట నకో. జావాయిని లోపటికి తెండ్రి."

నలుగురు స్ట్రెచర్ ఎత్తారు. తల్లి ముందు నడిచింది. గడప దగ్గర ఎవరో సంశయించి ఆగబోతే, "జల్దీ నడువుండ్రి, పానమున్న మనిషిని నిలవెట్టద్దు," అని గదమాయించింది. లోపల గోడవారగా చాప పరిచి ఉంది. పడుకోబెట్టాక మాస్కు తనే తీసేసింది. గిన్నెలో నీళ్లు, తులసాకు తెప్పించింది. కూతురి చేత ఆయన నోట్లో పోయించింది. నీళ్లు పెదవుల మీది నుంచి జారి చెంప మీదుగా చాప మీద పడ్డాయి. కొంగుతో తుడిచింది.

"తాగిండు," అంది.

ఆమె అల్లుడి తల సరిచేసి, కాళ్లు రెండూ దగ్గరకు చేర్చింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. పొయ్యి మీద ఏదో పొంగితే దింపమని ఎవరికో చెప్పింది. అంతసేపూ అందరం ఆగాం. అప్పుడు అరచేత్తో ఆయన కళ్లు మూసింది.

"ఇప్పుడు పోయిండు."

ఆ తర్వాతే ఏడుపులు లేచాయి. అందరికంటే గట్టిగా కూతురి గొంతు, ఇంకా ఆయన చెవిలో చెబుతున్నట్టే.

మర్నాడు అంత్యక్రియలయ్యాక బస్సులో తిరిగొస్తుంటే మంచిర్యాల దగ్గర ఫోను మోగింది. కుర్ర విలేకరి. వార్త రాస్తున్నాడట. ఎక్కడ పోయాడో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారట. మస్కట్‌లోనే అని కొందరు, విమానంలో అని కొందరు, దారిలో అని కొందరు.

"ఇంట్లనే," అన్నాను. "జైనూర్‌ల, ఇంట్ల చాప మీద."

"సరిచూసుకున్నరా సార్?" అని అడిగాడు. వాడికి ఆ ప్రశ్న నేర్పింది నేనే.

"ఇంటి పెద్దామె చెప్పింది. రాయి," అన్నాను.